చిన్న ఓడా? పెద్ద ఓడా? విశాఖ రేవుకు ఏది మేలు?

విశాఖపట్నం: 2022 జూన్ 8న విశాఖ రేవుకు ఒక తెల్ల ఓడ వచ్చింది. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, చమురు మోసే ఓడలు ఈ రేవుకు నిత్యం వచ్చేవే. అండమాన్ ఓడా జిల్లా జనానికి కొత్త కాదు. కాని ఈ తెల్ల ఓడ సరకు మోయదు, జనాన్ని ఒక వూరి నుంచి మరో వూరికి చేరవేయడం దాని పనీ కాదు. అది ఎక్కినవారు తినడానికి, నిద్రపోవడానికి, పాటలు వినడానికి, సముద్రం చూడడానికి ఎక్కుతారు. మూడు రోజులు తిరిగి ఎక్కిన రేవులోనే దిగినా వారికి విచారం లేదు. క్రూయిజ్ ఓడ అంటే ఇదే. విహార నౌక అని మన పత్రికల్లో రాస్తున్నారు.

ఆ ఓడ పేరు ఎంప్రెస్. కార్డీలియా క్రూయిజెస్ అనే కంపెనీ దాన్ని నడుపుతోంది. అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనం విజృంభించే నెలల్లో బొంబాయి వైపు విహార యాత్రలు కష్టం. అందుకే ఆ రోజుల్లో ఓడను చెన్నైకి తెచ్చి తూర్పు తీరాన తిప్పారు. మన రైతులు ఏ వానల కోసం ఆకాశం వంక చూస్తారో ఆ వానలే ఈ ఓడను విశాఖకు తెచ్చాయన్నమాట. 2025లో కూడా అది ఈ రేవుకు వచ్చింది.

ఒడ్డున నిలబడి చూస్తే ఎంప్రెస్ కొండలా కనిపిస్తుంది. పొడవు 211 మీటర్లు. వరసగా నిలబెట్టిన తొమ్మిది రైలు పెట్టెలంత. అంతస్తులు పదకొండు. అయితే, ఏ చెట్టూ లేని వూళ్లో ఆముదం చెట్టే మహావృక్షం. ప్రపంచంలో తిరుగుతున్న విహార ఓడల్లో ఎంప్రెస్ చిన్నది, పాతది. 1990లో ఫ్రాన్సు దేశంలోని సెయింట్ నజైర్ ఓడల కార్ఖానాలో తయారైంది. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. రాయల్ కరేబియన్ అనే కంపెనీ దాన్ని అమెరికాలోని మయామీ నుంచి బహామా దీవులకు మూడు నాలుగు రోజుల యాత్రలు నడపడానికి కొన్నది.

అదే రాయల్ కరేబియన్ 2024 జనవరి 27న మయామీ నుంచే మరో ఓడను మొదటి యాత్రకు పంపింది. పేరు ఐకాన్ ఆఫ్ ది సీస్. ఫిన్లాండు దేశంలోని టుర్కులో తయారైంది. పొడవు 365 మీటర్లు, అంటే పదహారు రైలు పెట్టెలు. అంతస్తులు ఇరవై. లోపల ఏడు ఈత కొలనులు, ఆరు నీటి జారుడుబండలు, దాదాపు 17 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం వున్నాయి. ఒకే కంపెనీ ముప్పై నాలుగేళ్ల తేడాలో ఒకే రేవు నుంచి దించిన ఓడలు కనుక ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం సులువు.

టన్ను అంటే బరువు కాదు

ఓడల సంగతి వచ్చినప్పుడల్లా 'ఇన్ని వేల టన్నుల ఓడ' అని రాస్తుంటారు. అది తూకం అనుకుని చాలామంది పొరబడతారు. విహార ఓడల విషయంలో టన్నేజీ అంటే ఓడ లోపల వున్న చోటుకు కొలత. పూర్వం యూరపులో సారా పీపాలు ఎన్ని పడతాయో లెక్కించి ఓడల మీద పన్ను వేసేవారు. ఆ పీపా పేరు నుంచే టన్ను వచ్చింది. గాదె ఎంత పెద్దదో చెప్పినట్టే గాని, గాదెలో ధాన్యం తూకం చెప్పినట్టు కాదు.

ఆ లెక్కన ఎంప్రెస్ 48,563 టన్నులు, ఐకాన్ 2,48,663 టన్నులు. ఎంప్రెస్‌లాంటివి అయిదు కలిపితే ఒక ఐకాన్. 1912లో మునిగిపోయిన టైటానిక్ గురించి తెలియనివారు వుండరు. అది 46,328 టన్నులు, 269 మీటర్ల పొడవు. కొలిచే పద్ధతి అప్పటికీ ఇప్పటికీ కొంత మారినా, విశాఖకు వచ్చిన 'చిన్న' ఓడ లోపలి చోటులో టైటానిక్‌కు తీసిపోదన్నది నిజం.

ఇక జనం. గదికి ఇద్దరు చొప్పున ఎంప్రెస్‌లో 1,602 మంది పడతారు. ఐకాన్‌లో 5,610 మంది. పిల్లాజెల్లాతో అన్ని పడకలూ నిండితే ఐకాన్‌లో 7,600 మంది. ఓడ సిబ్బంది 2,350 మంది అదనం. అందరూ కలిసి పదివేలకు దగ్గర. ఒక మోస్తరు మేజర్ పంచాయతీ జనాభా నీటి మీద తేలుతోందన్నమాట.

పెద్ద ఓడ అంటే జనసమ్మర్దం, చిన్న ఓడ అంటే ప్రశాంతత అని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే మరోలా తేలుతుంది. టన్నుల్ని జనంతో భాగిస్తే ఎంప్రెస్‌లో మనిషికి 30 వస్తుంది, ఐకాన్‌లో 44. పెద్ద ఓడలోనే మనిషికి చోటు ఎక్కువ! ఎంప్రెస్‌లో లోపలి వైపు గదులు చాలావరకు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు వుంటే గొప్ప. వసారా వున్న గదులు బహు కొద్ది. ఐకాన్‌లో 2,805 గదులుంటే వాటిలో ఎక్కువ భాగానికి వసారాలున్నాయి.

అయితే కాగితం మీది చోటు వేరు, కాళ్ల కింది చోటు వేరు. పెద్ద ఓడలో ఆ చోటంతా కొలనులకు, నాటకశాలలకు, అంగళ్లకు పోయింది. పెళ్లి పందిరి ఎంత పెద్దదయినా భోజనాల వేళకు అందరూ ఒక్కసారే లేస్తారు. రేవులో దిగేటప్పుడూ అంతే. పదహారు వందల మంది దిగడానికి పట్టే సేపు వేరు, అయిదారు వేల మందికి పట్టే సేపు వేరు. చిన్న ఓడలో రెండో రోజుకే దారులు తెలుస్తాయి. వడ్డించే కుర్రవాడు మొహం గుర్తుపడతాడు. పెద్ద ఓడలో వారం తిరిగినా చూడని మూలలు మిగులుతాయి.

సేవ మాటకొస్తే ఇంకో విచిత్రం. ఎంప్రెస్ సిబ్బంది దాదాపు 670 మంది, ఐకాన్ సిబ్బంది 2,350 మంది. రెంటిలోనూ ఒక్కో పనివాడి వంతుకు వచ్చే ప్రయాణీకులు 2.4 మందే. ముప్పై నాలుగేళ్లలో ఓడలు అయిదింతలు పెరిగినా మనిషి చేసే చాకిరీ లెక్క మాత్రం మారలేదు.

అలలు, గాలి

కడుపులో తిప్పడం సంగతి చాలామంది అడిగేదే. పెద్ద ఓడ అలలకు తక్కువ కదులుతుంది. ఇది భౌతికశాస్త్రం, వాదన లేదు. నేటి విహార ఓడల అడుగున రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి వుండి వూపును తగ్గిస్తాయి. అయినా తుపాను రోజుల్లో బంగాళాఖాతం ఎలా వుంటుందో మన మత్స్యకారులకు వేరే చెప్పాలా? ఓడ చిన్నదయితే అది ఎక్కువగా తెలుస్తుంది.

ఇరవై అంతస్తుల ఓడకు మరో చిక్కు వుంది. దాని పక్క గోడే తెరచాపలా పనిచేస్తుంది. రేవులోకి వచ్చేటప్పుడు ఎదురుగాలి కాక అడ్డగాలి కొడితే ఓడను నిలపడం తేలిక కాదు. అందుకే ఐకాన్‌కు మామూలు చుక్కాని పెట్టలేదు. వెనుక మూడు పెద్ద మరలున్నాయి, అవే ఏ దిక్కుకు కావాలంటే ఆ దిక్కుకు తిరుగుతాయి. ఎంప్రెస్ పాతకాలపు పద్ధతిలో మరలు, చుక్కానితో నడుస్తుంది.

నీటి లోతు కూడా లెక్కలోకి వస్తుంది. ఎంప్రెస్ నీటిలో ఏడు మీటర్ల మేర దిగుతుంది. ఐకాన్‌కు తొమ్మిది మీటర్లు దాటుతుంది. రెండు మీటర్లే కదా అనిపించవచ్చు. పొడవు, తిరగడానికి చోటు కూడా కలిపి చూస్తే, చిన్న ఓడ పోగల రేవులు ఎన్నో పెద్దదానికి మూసుకుపోతాయి. 2017లో క్యూబా రాజధాని హవానాకు యాత్రలు మొదలుపెట్టినప్పుడు రాయల్ కరేబియన్ పంపింది కొత్త పెద్ద ఓడను కాదు, ఈ ఎంప్రెస్‌నే. 2019లో అమెరికా ప్రభుత్వం ఆ యాత్రలు ఆపించే వరకు అది అక్కడికి వెళ్లింది. ఐకాన్ మాత్రం మెక్సికోలోని కోజుమెల్, హోండురాస్‌లోని రోటన్, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ వంటి ఏర్పాట్లున్న రేవులకే పోతుంది. బహామాలో కంపెనీ సొంతంగా సిద్ధం చేసుకున్న కోకోకే అనే దీవి సరేసరి.

నిప్పు భయం

పాత ఓడ ఎక్కవచ్చా? ఈ ప్రశ్నకు సూటి జవాబు కావాలి. సముద్రంలో నీటికన్నా నిప్పుకే ఎక్కువ భయపడాలని నావికులంటారు. మద్రాసు, సింగపూరుల మధ్య జనాన్ని మోసిన చిదంబరం అనే మన ఓడలో 1985 ఫిబ్రవరిలో నిప్పంటుకుని పలువురు చనిపోయారు. అటువంటి ప్రమాదాల తరువాతే నిబంధనలు బిగిశాయి. లోపల కాలే స్వభావం గల కలప, పలకలు వాడిన పాత ప్రయాణీకుల ఓడలు 2010 అక్టోబరు 1 తరువాత అంతర్జాతీయంగా తిరగరాదన్నారు. దానితో ఎన్నో పాత ఓడలు మూలబడ్డాయి. ఎంప్రెస్ అంత పాతది కాదు. ప్రయాణీకుల ఓడ ఏదైనా ఏటేటా తనిఖీ చేయించుకుని భద్రతా పత్రం పొందవలసిందే. వయసును బట్టి ఓడను వెలివేయనక్కరలేదు. ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు, ఓడకు ఆ పత్రం, మరమ్మతుల చరిత్ర చూడాలి.

అయినా ఒక్క తేడా దాచకూడనిది. 2010 జూలై 1 తరువాత కట్టిన పెద్ద ప్రయాణీకుల ఓడలకు కొత్త షరతు పెట్టారు. ఇంజను గదుల్లో ఒకటి కాలిపోయినా, మిగిలిన దానితో ఓడ తనంతట తాను రేవుకు చేరాలి. ఆ లోపల జనానికి నీరు, తిండి, మరుగుదొడ్లు నడవాలి. ఐకాన్ ఈ షరతు కింద కట్టిన ఓడ. ఎంప్రెస్ అంతకు ఇరవయ్యేళ్ల ముందుది. ఆ షరతు విలువ ఏమిటో 2013 ఫిబ్రవరిలో తెలిసింది. 1999 నాటి కార్నివాల్ ట్రయంఫ్ ఓడలో ఇంజను గది కాలింది. నాలుగు వేల మందికి పైగా జనం నాలుగు రోజుల పాటు, మరుగుదొడ్లు పనిచేయక, దుర్గంధంలో గడిపారు. చివరకు ఇతర పడవలు ఓడను ఒడ్డుకు లాక్కువచ్చాయి. ప్రాణాలు పోలేదు కాని, ఆ ప్రయాణం ఎవరూ మరచిపోరు.

కొత్తదయితే చాలు, భయం లేదనడమూ తప్పే. 2012 జనవరిలో ఇటలీ తీరాన రాయికి కొట్టుకుని ఒరిగిన కోస్టా కాంకోర్డియా ఆరేళ్ల ఓడే. 32 మంది చనిపోయారు. ఓడ కాదు, దాన్ని నడిపిన తీరు చెడ్డది. ఆ తరువాత, ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో ప్రయాణీకులందరికీ ప్రమాదంలో ఎక్కడికి పోవాలో, జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపించడం తప్పనిసరి చేశారు. ఎక్కినవారు ఆ పావుగంట ఫోటోలు దిగుతూ గడపకుండా చెవి పెట్టి వినడం మంచిది. చిన్న ఓడలో మెట్లు, పడవలు త్వరగా దొరుకుతాయి. పెద్ద ఓడలో ఎవరి చోటు ఎక్కడో ముందే తెలుసుకోకపోతే వెతుక్కోవడమే అవుతుంది.

పొగ, మురుగు సంగతి మత్స్యకార గ్రామాలకు ముఖ్యం. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం నూటికి మూడున్నర పాళ్ల నుంచి అరపాలుకు తగ్గాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. పొగను కడిగే యంత్రం బిగించుకున్న ఓడలకు మినహాయింపు. ఐకాన్ ద్రవ రూపంలో వున్న సహజవాయువుతో నడుస్తుంది కనుక మసి తక్కువ. కాని కాలకుండా జారిపోయే మీథేను వాయువు, ఇరవయ్యేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువుకన్నా ఎనభై రెట్లు భూమిని వేడెక్కిస్తుందని శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెబుతున్నారు. శుద్ధి చేయని మురుగును తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ల లోపల ఏ ఓడా వదలకూడదు. ఇక్కడ కూడా ఓడ పాతదా కొత్తదా అన్నదానికన్నా, అడిగేవారు వున్నారా లేదా అన్నదే అసలు సంగతి.

జిల్లాకు దక్కేదేమిటి?

విశాఖ రేవులో విహార ఓడల కోసం కట్టిన టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైంది. ఖర్చు సుమారు 96 కోట్లు. ఒకసారికి రెండువేల మంది ప్రయాణీకులను పంపే ఏర్పాటుతో కట్టారు. ఇంత డబ్బు పెట్టాక ఓడలు రావాలి. ఏ ఓడలు వస్తే మేలు?

ఇక్కడ చిన్న ఓడ పక్షం మాట్లాడక తప్పదు. ఐకాన్ వంటి ఓడలో ఓడే వూరు. జలపాతం, సర్కసు, ఈత కొలను అన్నీ లోపలే వుంటే మనిషి దిగి రేవు పట్నంలో ఖర్చు పెట్టే అవసరం తగ్గుతుంది. కంపెనీకి కావలసిందీ అదే. లోపల అంత లేని చిన్న ఓడలో జనం రేవు ఎప్పుడు వస్తుందా అని చూస్తారు. దిగితే ఆటో ఎక్కుతారు, కైలాసగిరి చూస్తారు, కురుసుర జలాంతర్గామి చూస్తారు, సింహాచలం వెళతారు, బీచి రోడ్డులో బజ్జీలు తింటారు. అరకు, బొర్రా గుహలు మాత్రం కష్టం. ఎనిమిది పది గంటలు ఆగే ఓడ దిగినవాడు నూరు కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డులో పోయి వచ్చేసరికి ఓడ కూత పెడుతుంది. అరకు కాఫీయే రేవు దగ్గరకు రావాలి గాని, ఓడ జనం అరకు పోవడం కుదరదు.

జిల్లా రైతులు గమనించవలసిన సంగతి మరొకటి వుంది. ఓడ ఆగి పోయే రేవుకు దక్కేది కొంత, ఓడ బయలుదేరే రేవుకు దక్కేది చాలా. బియ్యం, కూరగాయలు, గుడ్లు, చేపలు, పాలు ఓడ బయలుదేరే చోటనే ఎక్కిస్తారు. ప్రయాణీకులు ముందు రోజే వచ్చి హోటళ్లలో దిగుతారు. చెన్నైలో ఎక్కించిన వంకాయలతో విశాఖ వచ్చే ఓడ వల్ల మన వంకాయకు ధర పెరగదు. విశాఖ నుంచే యాత్ర మొదలయితే సంగతి వేరు. అప్పుడు రెండువేల మందికి రోజుకు మూడు పూటలా తిండి ఇక్కడి నుంచే పోవాలి.

ఓడలో ఉద్యోగాల మాటా వినిపిస్తోంది. వంట, వడ్డన, గదులు శుభ్రం చేయడం, ఇంజను పని ఇవన్నీ చాలావరకు నెలల కాంట్రాక్టు మీద వుంటాయి. నావికులుగా చేరాలంటే భద్రతా శిక్షణ పూర్తిచేసి సి.డి.సి. పుస్తకం పొందాలి. ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ ఇచ్చిన లైసెన్సు వుండాలి. వుద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర డబ్బు తీసుకోరాదన్నది నిబంధన. ఇంటి పట్టా తాకట్టు పెట్టి లక్షలు కట్టమనే ఏజెంటు ఏ ఓడ పేరు చెప్పినా, ఎంత పెద్ద ఓడ బొమ్మ చూపినా నమ్మవద్దు.

ఈ తీరం ఓడ ప్రయాణానికి కొత్తది కాదు. భీమిలి, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి వేలాదిమంది కూలీలు రంగూన్ పోయిన రోజులున్నాయి. వారికి గదులు లేవు. డెక్కు మీదే పక్క, అక్కడే తిండి. అండమాన్ వలస పోయిన మనవారికి తెలిసిన స్వరాజ్ ద్వీప్ ఓడ 1999లో మన హిందూస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. 1,200 మందిని మోస్తుంది. అది అవసరానికి ఎక్కే ఓడ. సరదాకు ఎక్కే ఓడ ఇంకా ఈ యార్డులో తయారు కాలేదు.

బతికిపోయిన చిన్నది

పెద్దది ఎక్కువ కాలం బతుకుతుందనుకుంటే పొరపాటు. సెయింట్ నజైర్ కార్ఖానాలోనే తయారై 1988లో యాత్రలు మొదలుపెట్టిన సావరిన్ ఆఫ్ ది సీస్, ఎంప్రెస్‌కన్నా చాలా పెద్దది. 73 వేల టన్నులు. ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణీకుల ఓడ. కరోనా వచ్చిన 2020లో ఓడలన్నీ లంగరు వేసుకు కూర్చున్నప్పుడు దాన్ని టర్కీలో ముక్కలు చేశారు. బొంబాయి నుంచి నడిచిన కర్ణికా అనే విహార ఓడ కూడా ఎంప్రెస్ లాగే 1990 నాటిదే. దాదాపు 70 వేల టన్నులు. నడిపిన కంపెనీ మూతపడింది, ఓడ 2020 నవంబరులో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు తుక్కుగా చేరింది. చిన్నదయిన ఎంప్రెస్‌ను మాత్రం 2020 డిసెంబరులో అమ్మారు. 2021 సెప్టెంబరులో అది బొంబాయి నుంచి మన జనాన్ని ఎక్కించుకుని బయలుదేరింది. పెద్ద ఓడను నింపాలంటే వారం వారం వేలమంది కావాలి. పదహారు వందల మందిని పోగుచేయడం అంత కష్టం కాదు.

ఇప్పుడు ఆ కంపెనీయే పెద్ద ఓడల వైపు చూస్తోంది. నార్వీజియన్ కంపెనీకి చెందిన స్కై, సన్ అనే రెండు ఓడలను దీర్ఘకాలం అద్దెకు తీసుకుంటున్నట్లు 2025లో ప్రకటించారు. మొదటిది 2026లో, రెండవది 2027లో చేతికి రావాలన్నది ఒప్పందం. స్కై 1999 నాటిది, 77 వేల టన్నులు, పొడవు 260 మీటర్లకు దగ్గర. ఐకాన్ పక్కన పెడితే అదీ చిన్నదే, పాతదే. ఎంప్రెస్ పక్కన పెడితే పెద్దది, తొమ్మిదేళ్లు కొత్తది. గదికి ఇద్దరు చొప్పున అందులో పట్టేది రెండువేల మంది. విశాఖ టెర్మినల్ కట్టిందీ సరిగ్గా అంతమందికే.